టిఫినమ్మ మాపటేల ఏం తినేది

పెద్దకార్యానికి ముందు రోజు టిఫినమ్మ కోడలు నాకు ఫోను చేసింది. గొంతులో ఏడుపు లేదు. ఏడవడం అప్పటికే అయిపోయింది. వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది.

"పిన్నీ, రేపు అత్త విస్తట్లో ఏటెట్టాల? పగటిపూటకి పర్లేదు. ముద్దపప్పు, వంకాయ కూర, బూరెలు అనుకున్నాం. మాపటేల విస్తట్లోకి ఏటి? ఇడ్లీ సేయిస్తే సరిపోతాదా, అట్లు కూడా పోయించాలా?"

మా వైపు పెద్దకార్యం నాడు పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి విస్తట్లో పెడతారు. మామూలుగా అయితే ఒక విస్తరి చాలు. టిఫినమ్మ పగలు అన్నమూ మాపటేల టిఫినూ తిన్న మనిషి కనక రెండు విస్తళ్ళు వెయ్యాలని వాళ్ళ పెద్దవాళ్ళలో ఒకాయన తేల్చాడట. ఆయన మాట కాదనేవాళ్ళు లేరు.

ఆలోచించి చెబుతానని ఫోను పెట్టేశాను. నిజానికి ఆలోచించడానికి ఏమీ లేదు. ఆఖరి రోజుల్లో ఆమె మాపటేల ఏం తినేదో నాకు తెలుసు. నా ఒక్కదానికే తెలుసు. అది ఎవరికీ చెప్పనని ఆమెకి మాటిచ్చాను. చెప్పకపోతే ఆమె విస్తట్లో ఇడ్లీ పడుతుంది. చెబితే ఊళ్ళో ఆమెకున్న పేరు పోతుంది.

ఆమెకి ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. దానితో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. పాతపట్నంలో పర్లాకిమిడి వెళ్ళే రోడ్డు మీద, వాళ్ళ ఇంటి ముందుగదిలోనే కొట్టు. కొట్టు మీద రేకు బోర్డు. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి. నా మనవరాలు పగలు బడికి వెళ్తుంటే నేను సాయంత్రం ఆడవాళ్ళ బడికి వెళ్ళేదాన్ని. అంతవరకూ ఆ బోర్డు మీద ఉన్నది ఆమె పేరు అనుకున్నాను. కూడబలుక్కుని చదివితే 'టిఫిన్' అని ఉంది. ఒక రకంగా నేను అనుకున్నదే నిజం. ఊరు ఆమెని టిఫినమ్మ అనే పిలిచేది.

నేను మాత్రం అక్కని పిలిచినట్టు అప్పా అనేదాన్ని. మాది ఆ పక్క ఊరే, వరి పండించుకునే కుటుంబం. పొలం పనులు లేని నెలల్లో ఆమె దగ్గర పిండి రుబ్బడానికి చేరాను. తర్వాత పొలం పనులున్న నెలల్లో కూడా అక్కడే ఉండిపోయాను. గ్రైండరు వచ్చాక రుబ్బే పని పోయింది. నేను పోలేదు.

సాయంత్రం టిఫినమ్మ పిండి గిన్నె మూత తీసి, మెడ ఒక పక్కకి వంచి వాసన చూసేది. వాసన చూస్తున్నట్టు ఉండేది కాదు. లోపలినుంచి ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టు ఉండేది. విన్నాక "ఇంకా రాలేదు" అనో, "వచ్చేసింది" అనో అనేది. పిండి పులిసిందని ఎప్పుడూ అనలేదు. సరుకు అయిపోతే అయిపోయిందని కూడా అనేది కాదు. గంటె గిన్నెమీద బోర్లించి "రేపు" అనేది. కొత్తవాళ్ళు "రేపు ఏటి?" అని అడిగితే పాతవాళ్ళే వాళ్ళకి చెప్పి బయటికి తీసుకుపోయేవారు.

అబద్ధం చెప్పేటప్పుడు కుడిచెవి తమ్మె తడుముకునేది. దుద్దులు తీసేసి చాలా కాలమైన చెవి అది. "ఈ పచ్చడి ఇప్పుడే రుబ్బినాను" అంటూ చెవి తడుముకుందంటే అది పొద్దుటి పచ్చడి. ఇది నేను ఒక్కదాన్నే కనిపెట్టాననుకునేదాన్ని.

శనివారం సాయంత్రాలు కొట్టు ముందు నిలబడడానికి చోటుండేది కాదు. మా వైపు చాలామంది శనివారం రాత్రి అన్నం తినరు. ఉపవాసం. టిఫిన్ చేస్తారు. ఊరి చివర వరి, నువ్వులు పండించే ఒక ఆసామీ ఉండేవాడు, బావా అని పిలిచేది అతన్ని. అతను తప్పకుండా వచ్చేవాడు.

"ఏటి బావా, ఉపాసమేనా?"

"ఉపాసమే టిఫినమ్మా. రెండు ప్లేట్లు ఇడ్లీ ఎయ్యి. ఓ మినపట్టు కూడా పొయ్యి. ఒట్టి కడుపుతో నిద్ర పట్టదు."

"ఉపాసం గట్టిగా సేస్తన్నావు."

"పైన ఎంకన్న సూస్తన్నాడు కదా మరి."

"సూస్తన్నాడు. నీ ఆకు కూడా సూస్తన్నాడు. ఇంకో గంటె సట్నీ ఎయ్యమంటావా?"

"ఎయ్యి."

ఆమె నవ్వేది కాదు. అతనూ నవ్వేవాడు కాదు. ఇద్దరూ ఉపవాసాన్ని గౌరవంగానే చూసేవారు. ఎందుకంటే ఆమెదీ ఉపవాసమే. అతనిది వారానికి ఒక రాత్రి. ఆమెది ప్రతి రాత్రీ.

వాళ్ళది వ్యాపారస్తుల ఇల్లు. కొడుకు చంకలో పిల్లాడిగా ఉన్నప్పుడే ఆమె భర్త పోయాడు. దినాలు అయిన సాయంత్రం అత్తగారు వంటింట్లోకి పిలిచి, "ఈ పూటనుంచి నీకు మాపటేల అన్నం లేదు. పలారం" అందట. ఆ మాట చెప్పేటప్పుడు అత్తగారు కేకలేమీ వెయ్యలేదట. ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పినట్టు చెప్పిందట. అందరికీ అన్నం వారుస్తుంటే ఈమెకి పొయ్యి మూల చిన్న గిన్నెలో ఉప్పుపిండి. లేకపోతే తడిపిన అటుకులు.

"అటుకులు బాగానే ఉంటాయి కదా అప్పా" అన్నాను నేనొకసారి, ఏమనాలో తెలీక.

"బాగానే ఉంటాయి. గంజి వారుస్తన్నప్పుడు వాసన వస్తాది సూడు, అది బాగోదు. అది వచ్చే ఏలకి నాను పెరట్లోకి ఎల్లిపోయేదాన్ని. పెరట్లోకి కూడా వచ్చేది."

కొన్నాళ్ళకి వాటాలు వేరయ్యాయి. ఒక్కదానికోసం సాయంత్రం పొయ్యి వెలిగించడం ఎందుకని నలుగురికీ సరిపడా చేసి ముందుగదిలో పెట్టింది. అలా కొట్టు మొదలైంది. బోర్డు రాయడానికి వచ్చినవాడు 'ఫలహారశాల' అని రాస్తానన్నాడట. మంచి పేరు, గౌరవంగా ఉంటుంది అన్నాడట. ఆమె వద్దంది.

"పలారం అంటే పొయ్యి మూల నాను ఒక్కదాన్నే తిన్నది" అంది నాతో. "టిఫిన్ అంటే ఊరంతా తినేది. ఆ మాటే రాయమన్నాను."

అత్తగారు పోయి చాలా ఏళ్ళయ్యాక కూడా ఆమె మాపటేల అన్నం ముట్టలేదు. ఇంక ఎవరికోసం అని నేనే అడిగాను. అట్టు తిరగేస్తూ చెప్పింది.

"ఇప్పుడు తింటే, ఇన్నాల్లూ ఎందుకు మానేసినట్టు?"

అట్టు దించి, ఎవరిదో పిలిచి ఇచ్చేసింది.

ఎచ్చెర్లలో యూనివర్సిటీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే కుర్రాడొకడు ఉన్నాడు. వాళ్ళ సొంతూరు పాతపట్నమే. సెలవు రోజుల్లో ఇంటికి వస్తే మా కొట్టుకి వచ్చేవాడు. పూరీ, బొంబాయి చట్నీ తినేవాడు. ఒక శనివారం తింటూ తింటూ, "అమ్మా, ఈ బొంబాయి చట్నీ ఉంది చూశారా, ఇది బొంబాయిలో ఎవరికీ తెలీదు" అన్నాడు.

"మరి అక్కడ ఏటంటారు మేష్టారూ?"

"ఏమీ అనరు. అక్కడ ఇది లేదు. టిఫిన్ కూడా అంతే. అక్కడ టిఫిన్ అంటే డబ్బా. మన క్యారేజీ లాంటిది."

"డబ్బా తింటారేటి?"

"డబ్బాలో పెట్టుకున్నది తింటారు. రొట్టె, కూర, అన్నం."

గంటె పట్టుకున్న చెయ్యి ఆగింది. "అన్నమా? టిఫిన్లో అన్నమా?"

"అన్నమే. మధ్యాహ్నం ఆఫీసులో కూచుని తింటారు. దాన్నే టిఫిన్ అంటారు."

అట్టు అంచు నల్లబడింది. ఆమె కొట్లో అట్టు మాడడం నేను చూసింది ఆ ఒక్కసారే.

మేష్టారికి వినేవాళ్ళు దొరికారు కదా, మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. అది ఇంగ్లీషు మాటేనట. కానీ ఇంగ్లీషువాళ్ళ దేశంలో ఇప్పుడు పెద్దగా ఎవరూ అనరట. పాతకాలంలో అక్కడ పలచటి మందు ఒక గుక్క తాగడాన్ని టిఫ్ అనేవారట. వేళకాని వేళ కూచుని అలా గుక్క గుక్క తాగుతూ, ఏదో నోట్లో వేసుకుంటూ ఉండడం టిఫింగ్. దొరలు ఇక్కడికి వచ్చాక ఈ ఎండల్లో మధ్యాహ్నం పెద్ద భోజనం చెయ్యలేక ఏదో తేలిగ్గా తిని, దానికి ఆ పేరు పెట్టుకున్నారు. వాళ్ళ వంటవాళ్ళ నోటినుంచి అది ఊళ్ళలోకి వచ్చింది. ఒకచోట డబ్బా అయింది. మన దగ్గర ఇడ్లీ అయింది.

"అయితే సారాకొట్టుకాడ పుట్టిందన్నమాట" అంది ఆమె.

"ఇంచుమించు."

కాసేపు పెనం తుడిచింది. "పోన్లెండి. తాగుడు మానేసి తిండిలోకి వచ్చింది. మనూరి మగోల్లు తిండి మానేసి తాగుడులోకి ఎల్తన్నారు. ఆ మాటే నయం."

పక్కన ఆకు పట్టుకుని నిలబడ్డ బావకి ఇది నచ్చలేదు. "అయితే ఏటి టిఫినమ్మా, ఇన్నాల్లూ శనివారం శనివారం మేం తిన్నది సారా మాటా? ఉపాసం సెడిపోయినట్టా?"

"మాట వల్ల సెడదులే బావా. సెడితే రెండో ప్లేటుకాడ సెడుంటాది."

పర్లాకిమిడినుంచి వచ్చిన ఒడియా డ్రైవర్లు ఇద్దరు బెంచీ మీద ఉన్నారు. వాళ్ళు మా దగ్గర ఏం తిన్నా జలఖియా అనేవారు. మేష్టారు వాళ్ళని చూపించి, వాళ్ళ మాటలో జలం ఉంది, నీళ్ళన్నమాట, మన ఫలహారంలో పళ్ళున్నాయి, టిఫిన్లో మందుంది, చూశారా అన్నాడు.

"పల్లు లేవు, నీల్లు లేవు, మందు లేదు" అంది ఆమె. "ఎవల పేరు ఆలు ఎట్టుకున్నారు. లోపలున్నది మినపపిండి."

ఆకులు ఖాళీ అయ్యాయి. ఆమె గంటె బోర్లించి "రేపు" అంది.

కిందటేడు ఆమెకి కడుపులో మంట మొదలైంది. శ్రీకాకుళంలో డాక్టరు గొట్టం వేసి చూడాలన్నాడు. ముందురోజు రాత్రినుంచీ ఏమీ తినకుండా పొద్దున్నే రమ్మని చెప్పి పంపారు. కొడుకూ కోడలూ వాళ్ళు నడిపే కిరాణా కొట్టు వదిలి రాలేరు, నేను వెంట వెళ్ళాను. బయల్దేరేముందు ఆమె రెండు ఇడ్లీ అల్లం చట్నీతో తింది. నేను పక్కనే ఉన్నాను. నాకు తేడా ఏమీ కనిపించలేదు. ఆమె ఏమీ తినలేదనే నేను కూడా అనుకున్నాను.

ఆసుపత్రిలో నర్సు అడిగింది. "ఏమైనా తిన్నారా మామ్మా?"

"ఏటీ తినలేదమ్మా."

"ఏమీ తినలేదు కదా?"

"తినొద్దన్నాక ఎలా తింటాం?" అని కూచుంది. కాసేపటికి నావైపు తిరిగి, "ఇయ్యాల అల్లం సట్నీ కొంచెం ఎక్కువ కారమైందే" అంది.

నర్సు ఆ మాట విని వెనక్కి వచ్చి, చట్నీ దేన్లోకని అడిగి ఇడ్లీ సంగతి తెలుసుకుంది. లోపలికి వెళ్ళి డాక్టరుకి చెప్పింది. డాక్టరు మమ్మల్ని పిలిచాడు.

"ఏం తిన్నారమ్మా?"

"ఏటీ తినలేదు బాబూ."

"ఈ అమ్మాయి ఇడ్లీ అంటోంది."

"అది టిఫిన్."

డాక్టరు చేతిలో పెన్ను కింద పెట్టాడు. "ఇడ్లీ కడుపులోకి వెళ్ళదా?"

"ఎల్తాది బాబూ. అయితే మాత్రం తినడం కాదు కదా."

ఆయన నావైపు చూశాడు. నేను కూడా కాదు బాబూ అన్నాను. ఇంక ఈ ముసలివాళ్ళతో కాదని నర్సువైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. పొద్దున్న నువ్వు తిన్నావా?"

"లేదు సార్. టిఫిన్ చేసి వచ్చాను" అంది ఆ పిల్ల.

డాక్టరు కాసేపు కిటికీలోంచి చూశాడు. తర్వాత మమ్మల్ని కోప్పడలేదు. మర్నాడు రమ్మన్నాడు. అన్నం వద్దు, టిఫిన్ వద్దు, పలారం వద్దు, కాఫీ వద్దు, టీ వద్దు, పళ్ళు వద్దు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి చెప్పాడు. మేం తల ఊపాం. బయటికి వచ్చాక ఆమె నా చెవిలో, "జలఖియా సెప్పలేదు" అంది.

చెప్పకపోయినా తినలేదు. మర్నాడు గొట్టం వేసి చూశారు. కడుపులో పుండు. డాక్టరు మందులు రాసి, తిండి గురించి చెప్పాడు. పులిసిన పిండి వద్దు. నూనెలో వేగింది వద్దు. చట్నీలు, ఊరగాయలు, కారం అసలే వద్దు. మాపటేల మెత్తగా ఉడికిన అన్నంలో కమ్మటి పెరుగు కలుపుకుని తినాలి.

"అన్నం తినను బాబూ."

"ఎందుకు?"

"తినను."

ఆయన నావైపు చూశాడు. ఈసారి నేను మందుల చీటీ మడిచి పట్టుకుని లేచాను.

ఇంటికి వచ్చాక కొట్టు నేను చూసుకున్నాను. కొట్టు వెనక గదిలో ఆమె మంచం. కోడలు మాపటేల రాగిజావ కాచి పెట్టి కిరాణా కొట్టుకి వెళ్ళేది. ఆమె రెండు గుక్కలు తాగి గ్లాసు మంచం కింద పెట్టేది. గోధుమరవ్వ కాచి పెడితే అదీ అంతే. మనిషి తగ్గిపోయింది. జాకెట్టు భుజాలమీంచి జారేది. ఒకరోజు గోడ పట్టుకుని కొట్లోకి వచ్చి, పిండి గిన్నె మూత తీసి, మెడ వంచి వాసన చూసింది. "ఏటీ తెలవడం లేదే" అంది. నాకు అప్పుడు భయం వేసింది.

మర్నాడు కొట్టు తొందరగా కట్టేసి, ఆ పొయ్యి మీదే ఇన్ని బియ్యం మెత్తగా వండాను. ఒక మాట చెప్పాలి. నేను రుబ్బిన పిండితో పోసిన అట్లు ఊళ్ళో అన్ని కులాలవాళ్ళూ తిన్నారు, ఆమె చుట్టాలతో సహా. నేను వండిన అన్నం మాత్రం వాళ్ళ ఇంట్లో చెల్లదు. అట్టుకి లేని పట్టింపు అన్నానికి ఉంది. ఎందుకుందో నన్నడిగితే నాకు తెలీదు. కాబట్టి ఆ అన్నం రెండు రకాలుగా కూడనిది. తెలిసే వండాను.

పెరుగు కలిపాను. కంచంలో పెట్టలేదు. కొట్లో టిఫిన్ పెట్టే అడ్డాకులోనే పెట్టి ఆమె ముందు ఉంచాను.

చాలాసేపు చూసింది. గంజి వాసన గదిలోకి కూడా వచ్చింది.

"ఇదేటి?" అంది.

ఏమంటే ఏమవుతుందో అనిపించింది.

"ఆ మేష్టారు ఏటన్నాడు? ఆ మాట ఎన్నిసార్లు మారిందన్నాడు?"

"సానాసార్లు మారిందన్నాడు అప్పా."

"బొంబాయిలో డబ్బాలో ఏటుంటాదన్నాడు?"

"అన్నం."

"ఆల్లు దాన్ని ఏటంటారన్నాడు?"

"టిఫిన్ అంటారన్నాడు."

ఇంకొంచెంసేపు చూసింది. ఆకు దగ్గరికి లాక్కుంది. చేతి కొసలతో ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది. నమలడానికేం లేదు, అంత మెత్తగా ఉంది. అయినా చాలాసేపు నమిలింది. ఆకు పూర్తయ్యేదాకా తల ఎత్తలేదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు అంది.

"టిఫిన్ బాగుంది. ఉప్పు సాల్లేదు."

ఎవరికీ చెప్పనని ఆ సాయంత్రమే నాచేత మాట తీసుకుంది.

అప్పటినుంచీ రోజూ కోడలు కిరాణా కొట్టుకి వెళ్ళగానే మంచం మీంచే పిలిచేది. "ఒసే, టిఫిన్ అయిందేటి?" పరామర్శకి వచ్చినవాళ్ళు, ఇంత జబ్బులోనూ మాపటేల అన్నం ముట్టలేదు మహాతల్లి అనేవారు. "టిఫినే" అనేది ఆమె, చెవి తడుముకుని.

మనిషి కోలుకుంది. కోలుకున్నదానికి గుర్తుగా ఊరగాయ అడగడం మొదలుపెట్టింది. "సిన్న ఆవకాయ ముక్కే. టెంక కూడా ఒద్దు." డాక్టరు ఏమన్నాడని నేను అడిగేదాన్ని. "ఆడు తిన్నాడేటి పెరుగన్నం ఒట్టిగా?" అనేది. ప్రతి సాయంత్రమూ అడిగేది, ప్రతి సాయంత్రమూ నేను లేదనేదాన్ని. మొహం గోడవైపు తిప్పుకుని తినేది. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. బుద్ధి వచ్చిందనుకున్నాను. తినేటప్పుడు నన్ను బయట కూచోమనేది. "నువ్వు సూస్తే దిష్టి" అనేది. సిగ్గుపడుతోందనుకున్నాను. మందుల డబ్బా దిండు పక్కనే ఉండేది, దాన్ని నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "మాత్తర్లు నాకు తెల్సు, నాను సూసుకుంటాను" అనేది. ఆ వయసులో ఆ మాత్రం పట్టుదల మంచిదే అనుకున్నాను.

తర్వాత ఇంకోసారి చూసి డాక్టరు పుండు మానిపోయిందన్నాడు. చెప్పిన తిండి తిన్నారు, అందుకే అన్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు బాగానే ఉంది. ఈమధ్యే ఒక మధ్యాహ్నం భోంచేసి, కునుకు తీసి, లేవలేదు. వయసు అన్నారు. పిండి గిన్నె ఆ సాయంత్రం మామూలుగానే పొంగింది.

కోడలు ఫోను పెట్టాక నేను ఇదంతా తలుచుకున్నాను. పగటి విస్తట్లో ఏం పెట్టినా ఆమెకి ఒకటే. పగటి అన్నం ఆమెకి ఎవరూ కాదనలేదు. ఏళ్ళ తరబడి వాసన మాత్రమే చూసిన అన్నం మాపటేలది. అది తిన్నది ఆఖర్న కొన్ని నెలలు. ఆ విస్తట్లో ఇడ్లీ పెడితే ఆమెని మళ్ళీ పెరట్లోకి పంపినట్టే. తిరిగి ఫోను చేసి, "మాపటేల విస్తట్లోకి నాను తెస్తాను. నువ్వేటీ సేయించకు" అన్నాను.

పెద్దకార్యం నాడు సాయంత్రం స్టీలు క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. దారిలో ఒకరిద్దరు ఏం తీసుకెళ్తున్నావని అడిగితే టిఫిన్ అన్నాను. చుట్టాలంతా ముందుగదిలో, అరుగుమీద ఉన్నారు. లోపలి గదిలో ఆమె ఫొటో, దీపం, ముందు ఖాళీ విస్తరి. పెద్దవాళ్ళు వచ్చేలోగా పెట్టేసి పైన ఆకు కప్పేద్దామనుకున్నాను. క్యారేజీ మూత తీసేసరికి కోడలు నీళ్ళ చెంబుతో లోపలికి వచ్చింది.

విస్తట్లో పెరుగన్నం పెట్టాను. ఇంక దాచడానికి లేదు.

"పిన్నీ, ఇదేటి?"

"టిఫిన్."

కోడలు విస్తరివైపు చూసింది. నావైపు చూసింది. చెంబు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. రెండు విస్తళ్ళు వెయ్యమన్న ఆ పెద్దాయన్ని పిలుచుకొస్తుందనుకున్నాను. ఏం చెప్పాలో వెతుక్కుంటూ కూచున్నాను.

తిరిగి వచ్చింది. చేతిలో చిన్న జాడీ ఉంది. ఒంగి, చెంచాతో ఒక ఆవకాయ ముక్క తీసి, నూనె కారకుండా పట్టుకుని, అన్నం పక్కన పెట్టింది.

"కారం ఒద్దన్నాడు డాక్టరు" అన్నాను. అలవాటుగా వచ్చేసింది.

"ఇప్పుడు ఏటవుతాది పిన్నీ?"

"అత్త ఆవకాయ తింటాదని నీకెలా తెల్సు?"

"నానే ఎట్టేదాన్ని. కొట్టుకి ఎల్లేముందు రోజూ ఓ ముక్క మాత్తర్ల డబ్బాలో ఎట్టి ఎల్లేదాన్ని. ఎవలకీ సెప్పనని ఒట్టేయించుకుంది. నీకు అసలే సెప్పొద్దంది."

నేను దీపంవైపు చూశాను. పుండు ఎలా మానిందో డాక్టరుకి చెప్పాలి అనిపించింది.

"ముక్క దేనికి అడిగిందనుకున్నావు?" అన్నాను.

"ఏటనుకుంటాను? ఇడ్లీలోకి ఆవకాయ అడుగుతారేటి ఎవలైనా?"

అంటే కోడలికి మొదటినుంచీ తెలుసు. అన్నం ఎవరు వండుతున్నారో కూడా తెలుసు.

గుమ్మం బయట పెద్దాయన దగ్గు వినిపించింది. కోడలు ఇంకో విస్తరి తీసి మొదటిదాని మీద కప్పింది. అంచులు సరిచేసింది.

"మాపటేల విస్తరి ఎట్టీసారేటమ్మా? ఏటెట్టారు?" అన్నాడాయన గుమ్మంలోంచే.

"టిఫిన్, మావయ్యా" అంది కోడలు, కుడిచెవి దుద్దు సవరించుకుంటూ.